నక్కలవంకలో కంప

మా చీనీ తోటలో బత్తాయి చెట్లు ఆకు రాల్చడం మొదలైన వారంలోనే మహమూదా కాగితాలు పట్టుకుని వచ్చింది. మా మామ తిమ్మారెడ్డి సంతకం పెట్టొద్దన్నాడు. ఆయన వద్దన్నాడు కాబట్టే నేను ఇంకాస్త ఒత్తి పెట్టాను. కాపురానికొచ్చిన ఇరవై ఏళ్లలో ఆయన మాట విని చేసిన పనులకంటే ఆయన మీద పంతంతో చేసిన పనులే నాకు ఎక్కువ. ఆ ఎండాకాలం అలాగే మొదలైంది.

మాది ఎగువపల్లె. అవతలి ఒడ్డున దిగువపల్లె. మధ్యలో నక్కలవంక. ఒకప్పుడు అది కార్తీకం దాకా పారి పెన్నలో కలిసేదని చెబుతారు. నేను మాత్రం అందులో నీళ్లకంటే కంపనే ఎక్కువగా చూశాను. ముళ్ల కంప మనిషికి రెండింతలు పెరిగి, ఒడ్డు నుంచి ఒడ్డుదాకా అల్లుకుపోయింది. వానొస్తే నీళ్లు దాన్ని దాటలేక పక్క చేలలో పడి మట్టిని కోసుకుపోయేవి. మిగిలిన తేమను దాని వేర్లే తాగేవి. రెండు ఒడ్ల మీదా బావులు ఎండిపోయాయి. మా బోరు తొమ్మిది వందల అడుగులు దిగినా గంటసేపు పోసి గాలి కక్కేది. ఇంకో ఎండాకాలం ఇలాగే గడిస్తే తోట నరికి పొయ్యిలో పెట్టుకోవడమే.

కంప కొట్టేద్దామని ఎవరూ అనకపోవడానికి కారణం ఉంది. నేను ఆ ఇంటికి రాకముందు రెండు పల్లెల మధ్యా రెండు చావులు జరిగాయి. మొదట మా బావ, అంటే నా భర్త అన్న. బస్సు దిగి నడిచొస్తుంటే నరికారు. ఏడాది తిరగకముందే దిగువపల్లె సుశీలమ్మ భర్తను వంక దాటుతుండగా బాంబులేసి చంపారు. సాక్షులు లేక రెండు కేసులూ మూసేశారు. నా పెళ్లి నాటికి ఊరి మొదట్లో పోలీసు పికెట్ ఉండేది. మా పెళ్లి భోజనం పెళ్లివారికంటే ముందు ఆ పోలీసులే తిన్నారు. ఆనాటి నుంచి మావాళ్లు వంక అవతలికి పోరు, వాళ్లు ఇవతలికి రారు.

మహమూదా ప్రొద్దుటూరులో వాగులూ వంకలూ బాగుచేసే ఒక సంస్థలో పని చేస్తుంది. ముప్పై ఏళ్లుంటాయేమో. స్కూటీ మీద మండుటెండలో తిరిగి తిరిగి నల్లబడిపోయింది. ఆమె షరతు ఒక్కటే, రెండు పల్లెలవాళ్లూ సంతకాలు పెట్టాలి, రెండు పల్లెలవాళ్లూ ఒకే జట్టుగా పని చేయాలి. కంప పీకి, అడ్డంగా రాతి కట్టలు వేసి, ఒడ్ల వెంట కానుగ, నేరేడు నాటిస్తుంది.

"ఒక్క ఒడ్డు బాగుచేస్తే వంక బాగుపడదక్కా. సుశీలమ్మ నిన్ననే పెట్టింది. మీరు పెడతారో లేదో చూస్తానంది," అంది.

అరుగు మీద కూర్చున్న మామ చేతికర్ర నేలకు ఆనించి లేచాడు.

"ఆ కంప జోలికి పోవద్దు సుధా."

"ఎందుకు మామా? కంపకు కూడా మన పార్టీ, వాళ్ల పార్టీ అని ఉండాదా?"

"చెప్తే ఇను."

"ఇంటే తోట బతుకుతాదా? చెప్పు, ఇంటా."

ఆయన లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో కాటా దగ్గర పని చేసే నా భర్త బ్రహ్మానందానికి ఫోన్ చేస్తే, "నాయనతో నువ్వే పడు, నన్ను మధ్యలోకి లాగొద్దు," అన్నాడు. ఆయన ఆదివారం ఆదివారం బస్సు దిగి ఇంటికొచ్చే చుట్టం లాంటివాడు. అందుకని నేనే సంతకం పెట్టాను.

పని మొదటి రోజు చూడాల్సిందే. మా ఆడవాళ్లు ఈ ఒడ్డున, వాళ్ల ఆడవాళ్లు ఆ ఒడ్డున, పెళ్లిచూపుల్లో రెండు వైపులవాళ్లలా నిలబడ్డారు. మహమూదా గొంతు పోయేలా అరిస్తే గానీ ఎవరూ వంకలోకి దిగలేదు. జేసీబీ నడిపే ఖలందర్ దిగువ నుంచి కంప మొదళ్లు పెళ్లగిస్తూ ఎగువకు రావాలి, మేం కొమ్మలు కొట్టి ఒడ్డుకు లాగాలి. వాళ్ల నీళ్ల బిందె వేరు, మా బిందె వేరు.

తొమ్మిదో రోజున నా మడమలో కంప ముల్లు విరిగింది. ఆ ముల్లు లోపల ఉంటే కాలు చీము పడుతుంది. నేను ఒడ్డున కూలబడి నొప్పికి పళ్లు బిగించుకుని ఉంటే సుశీలమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. యాభై దాటిన మనిషి. అడగకుండానే నా కాలు తీసి ఒడిలో పెట్టుకుని, గాజులకున్న పిన్నీసు ఊడదీసింది.

"కదలొద్దు."

కదల్లేదు. ఎవరి కాలు ఎవరి ఒడిలో ఉందో ఇద్దరికీ తెలుసు. ముల్లు బయటికి వచ్చాక దాన్ని వేలి కొన మీద పెట్టుకుని చూస్తూ అడిగింది.

"మీ మామ ఇంగా పొద్దన్నే సంగటే తింటాండాడా?"

"ఆ. ఉల్లిగడ్డ లేకుంటే మాత్రం అలుగుతాడు."

"నా పెండ్లయిన కొత్తలో మా ఇంటికొచ్చి తినేటోడు. మామా మామా అని నేనే వడ్డించేదాన్ని." ముల్లు దూరంగా విసిరేసింది. "పో, పసుపు పెట్టుకో."

ఆ రోజు నేను వాళ్ల బిందెలో నీళ్లు తాగాను. మరుసటి రోజుకు ఏ బిందె ఎవరిదో పట్టించుకునేవాళ్లే లేరు. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఈ ముసలాయన పంతం పట్టకపోతే ఈ పని పదేళ్ల కిందే అయ్యేది కదా అని కోపం కూడా వచ్చింది.

ఆయన తీరు మాత్రం రోజురోజుకూ పాడవుతోంది. తిండి తగ్గింది. నేను ఇంటికి రాగానే ఒకటే ప్రశ్న.

"జేసీబీ యాడికొచ్చింది?"

"నీ మంచం కాడికైతే రాల్యాలే మామా."

పదిహేనో రోజు మధ్యాహ్నం అన్నం పెడుతుంటే మళ్లీ అడిగాడు. నేను మళ్లీ ఏదో ఎకసెక్కంగా అన్నాను. ఆయన కంచం పక్కకు జరిపాడు.

"కానుగ చెట్టు కాడికొస్తే నాకు చెప్పు."

"యా కానుగ చెట్టు? వంకలో కానుగ చెట్టు యాడుండాది?"

"ఉన్నింది. నేనే కొట్టించినా. మన చేని గెనానికి ఎదురుగా, రెండు బండల మధ్యన." గొంతు తగ్గించాడు. "దాని మొదట్లో ఒక బకెట్ ఉండాది సుధా."

బకెట్ అంటే ఏమిటని నేను అడగలేదు. నేనూ ఈ సీమలో పుట్టినదాన్నే. నాటు బాంబులను ఒకదానికొకటి తగలకుండా రంపపు పొట్టులో పేర్చి, మీద గుడ్డ కప్పిన బకెట్ల గురించి చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను.

"ఎన్ని?"

"ఏడు. ఆ పొద్దు ఏసినంక మిగిలినవి. రెండు దినాలు పోయినంక తీద్దామనుకుంటిమి. పికెట్ పడె. పూడ్చినోడు మరుసటేడు సచ్చిపాయ."

అప్పుడు నాకు మందలు గుర్తొచ్చాయి. ఎవరైనా గొర్రెల మందను తమ చేలో కట్టించుకుంటారు, పెంట పడి చేను బలుస్తుందని. మా మామ మాత్రం ప్రతి ఎండాకాలం కాపరులను పిలిచి వంక ఇసుకలో కట్టించేవాడు. గొర్రెలూ మేకలూ కంప కాయలు తిని వచ్చేవి. పెంటలో ఆ గింజలు పడి వానకు మొలిచేవి. తోటకు రావాల్సిన ఎరువు ఇసుకపాలు చేస్తున్నాడని నేను ఏళ్ల తరబడి సణిగాను, ముసలాయనకు మతి తప్పిందని పుట్టింట్లో చెప్పి నవ్వాను కూడా.

"మందలు అందుకేనా మామా?"

"ఊ. కంప లేస్తే ఎవురూ ఆడికి పోరని."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. తను పాతిన దాన్ని కాపాడడానికి ఇరవై ఏళ్లు కంప పెంచాడు. ఆ కంప వంకను తాగింది, బావులను తాగింది, ఇప్పుడు నా తోటను తాగుతోంది. మనుషులు చావకూడదనే చేశాడు, కాదనను. అయినా ఆ నిమిషం ఆయన ముఖం చూడలేకపోయాను.

"పోలీసోళ్లకు చెబుదాం."

"ఎవురు పూడ్చినారంటారు. నన్ను పట్టకపోనీ, నాకేముండాది, కాటికి కాళ్లు చాపుకోనుండా. సుశీల కొడుకు నాగేంద్రకు ఇప్పుడు ఇరవై ఐదేండ్లు. వాళ్ల నాయనను నేనే ఏపించినానని నా నోటితోనే ఇంటే, మన బ్రహ్మానందాన్ని ఇడిసిపెడతాడా? వాడు ఆదివారమాదివారం ఆ బస్సే దిగి, ఆ దారెంబడే నడిచొస్తాడు."

ఆ దారినే మా బావను నరికారు. నేను కంచం తీసి లోపల పెట్టాను. చెబితే పోయేది నా మొగుడు. చెప్పకపోతే ఖలందర్, వాడి వెనక కొమ్మలు లాగే ఆడవాళ్లు. 

మరుసటి రోజు అందరికంటే ముందు వంకలోకి దిగి వెతికాను. జేసీబీ ఇంకా నూరు గజాల దిగువన ఉంది. రెండు బండల మధ్య కానుగ మొద్దును చెదలు తిని, దాని మీద మోకాలెత్తు పుట్ట లేపాయి. దాన్ని చూడగానే నాకు తెలివి పుట్టింది. ఇంటికి పరుగెత్తి పసుపూ కుంకుమా తెచ్చి పుట్టకు పూశాను. మహమూదా రాగానే, "ఇది నాగుల పుట్ట. పామును కండ్లారా చూసినా. దీన్ని కదిలిస్తే రెండూర్లకూ అరిష్టం," అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

"సరే అక్కా, చుట్టూ పది గజాలు వదిలేద్దాం," అంది మహమూదా. ఖలందర్ అయితే బండి మీద నుంచే పుట్ట వైపు చూసి చేయెత్తి సలాం చేశాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఖలందర్ బతికాడు, బ్రహ్మానందం బతికాడు, వంక కూడా బతుకుతుంది. మామతో చెబితే ఆయన నా వైపు అదోలా చూశాడు.

"పుట్టన్నావా?" అన్నాడు.

ఆయన ఎందుకలా అడిగాడో నాకు శుక్రవారం పొద్దున గానీ అర్థం కాలేదు. మా వైపు ఆడవాళ్లకు పుట్ట ఉందని తెలిస్తే దూరంగా ఉండరు, పాలు పట్టుకుని దగ్గరికొస్తారు. నేనూ ఆడదాన్నే, నాకా మాట తట్టలేదు. నేను వంక దగ్గరికి పోయేసరికి రెండు పల్లెల నుంచీ పాతికమంది దాకా ఉన్నారు, తలస్నానాలు చేసి, చెంబులతో పాలు, కోడిగుడ్లు, టెంకాయలు పట్టుకుని. అందరికంటే ముందు సుశీలమ్మ.

"రా సుధారాణీ, నీ కోసమే ఆగినాం," అంది నవ్వుతూ. ఆమె నవ్వగా చూడడం నాకు అదే మొదలు. "ఇన్నేండ్లకు రెండూర్లోళ్లం ఒక పుట్టకు పాలు పోస్తాండాం. టెంకాయ కొట్టను రాయి తెమ్మని మావోనికి చెప్పినా."

నాగేంద్ర ఒడ్డు దిగి వస్తున్నాడు. చేతుల్లో రోలంత రాయి. దాన్ని పుట్ట ముందర ధబ్బుమని పడేశాడు. నా కాళ్ల కింద నేల అదిరింది. ఏమీ కాలేదు. వాడు చేతులు దులుపుకున్నాడు.

సుశీలమ్మ టెంకాయ తీసుకుని రాయి ముందు కూర్చుంది. ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాను. ఆదివారం బస్సు దిగి సంచి భుజాన వేసుకుని నడిచొచ్చే నా మొగుడు కళ్లముందుకొచ్చాడు.  ఇది రాయడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది. పాతికమంది ప్రాణాలు ఒకవైపు పెట్టుకుని నేను మాట రాకుండా నిలబడ్డాను.

"సుశీలా. ఆడ కొట్టొద్దు."

మా మామ. కర్ర పట్టుకుని, చెప్పులు లేకుండా, మా చేని గట్టు, ఆ గెనం మీద నుంచి వంకలోకి దిగుతున్నాడు. కాళ్లు జారుతుంటే కూర్చుని కూర్చుని దిగాడు. ఇరవై ఒక్క ఏళ్లలో ఆయన ఆ వంకలో అడుగు పెట్టడం అదే మొదలు. ఎవరూ చేయి ఇవ్వలేదు, నేను కూడా.

సుశీలమ్మ ఎత్తిన చేయి అలాగే ఉంది. "ఎందుకు?"

"దాని కింద బాంబులుండాయి. నేను పూడ్పిచ్చినవి."

"యా బాంబులు?"

"మీ ఆయనకు ఏసినంక మిగిలినవి."

ఒకరి చెంబులోంచి పాలు ఒలికి ఇసుకలో ఇంకిపోయాయి. నాగేంద్ర వంగి పక్కనున్న గుండు రాయి ఎత్తాడు. మా మామ కదల్లేదు, కర్ర కూడా ఎత్తలేదు.

"నాగేంద్రా, రాయి కింద పెట్టు," అంది సుశీలమ్మ. గొంతు పెంచలేదు. "ఇసరొద్దు, పెట్టు. ఈడ రాయి పడితే ఆయప్ప ఒక్కడే పోడు. మనమందరం పోతాం."

వాడు తల్లిని చూశాడు, పుట్టను చూశాడు, అంతకుముందు తను ధబ్బుమని పడేసిన రాయిని చూశాడు. అప్పుడు వాడి ముఖం తెల్లబోయింది. మెల్లగా వంగి, రెండు చేతులతో, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు రాయిని ఇసుకలో పెట్టాడు.

"ఖలందరూ, బండి ఆపి దిగు నాయనా," అంది సుశీలమ్మ. తర్వాత ఆడవాళ్లను ఒక్కొక్కరినే వెనక్కి పంపింది, వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేయమని చెబుతూ. రెండు పల్లెలవాళ్లూ ఆమె మాట విన్నారు. చివరికి ఆమె, మా మామ, నేను మిగిలాం. టెంకాయను తిరిగి బుట్టలో పెట్టుకుంది.

"ఆ పొద్దు ఎన్ని ఏసినారు?"

"మూడు."

"నాకు రెండే ఇనపడినాయి," అంది సుశీలమ్మ. బుట్ట చంకన పెట్టుకుని ఒడ్డెక్కి వెళ్లిపోయింది.

జమ్మలమడుగు పోలీసులు వచ్చారు. కడప నుంచి బాంబులు తీసేవాళ్లు వచ్చి సాయంత్రానికి బకెట్‌ను పెకలించారు. తుప్పు పట్టి అడుగు ఊడిపోయింది. ఏడూ ఉన్నాయి. మామను జీపెక్కించారు. ఎక్కేముందు నన్ను చూసి, "ఉల్లిగడ్డ పెట్టి పంపు," అన్నాడు. నేను నవ్వలేదు. అప్పుడు ఏడ్చాను, అందరి ముందరా.

పని ఆగిపోయింది. ఇక అంతే అనుకున్నాం. బ్రహ్మానందాన్ని ఊరికి రావద్దన్నాను. దిగువపల్లె నుంచి మాట లేదు, మనిషి లేడు. పాత కేసు మళ్లీ తెరవాలంటే సుశీలమ్మ అర్జీ ఇవ్వాలని పోలీసులు చెప్పారట. నేను పగలు తోటలో తిరుగుతూ రాలిన ఆకులు తొక్కుతూ, ఆమె ఏం చేస్తుందా అని వంక వైపే చూసేదాన్ని.

పన్నెండో రోజున జేసీబీ చప్పుడు వినిపించింది. పరుగున పోయాను. మహమూదా ఒడ్డున నిలబడి ఉంది.

"ఆమే ఫోన్ చేసిందక్కా. వానలొచ్చేలోపల కట్టలు వెయ్యాలంది. అర్జీ గురించి అడిగితే, రాసి పెట్టుకున్నా, ఎప్పుడిస్తానో నాకే తెల్దు అంది."

నీళ్ల బిందెలు మళ్లీ రెండయ్యాయి. మాటలు తగ్గాయి. పని మాత్రం ఆగలేదు. నాలుగు రాతి కట్టలు లేచాయి. కానుగ మొక్కలు నాటాం. బకెట్ తీసిన గుంట దగ్గర నాటడానికి ఎవరూ ముందుకు రాకపోతే మహమూదా ఒక్కతే నాటింది.

బెయిలు మీద వచ్చిన మామతో నేను వారం మాట్లాడలేదు. బ్రహ్మానందం ఎంత చెప్పినా వినకుండా ఒక ఆదివారం బస్సు దిగాడు. బస్టాపు దగ్గర నాగేంద్ర బండి మీద కూర్చుని ఉన్నాడట. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారట. నాగేంద్ర బండి స్టార్ట్ చేసి, ఈయన్ను దాటుకుని వెళ్లిపోయాడట. ఇది చెబుతున్నప్పుడు నా భర్త చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుని ఉంది. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆయన గడప తొక్కేదాకా నేను ఇంట్లో కుదురుగా కూర్చోలేను.

ఆరుద్ర కార్తెలో వాన పడింది. వంక ఒక రోజు పారింది. కట్టల వెనక నీళ్లు ఆరు రోజులు నిలిచాయి. మా బోరు ఇంకో పావుగంట ఎక్కువ పోసింది. అంతకంటే పెద్ద సంగతేమీ జరగలేదు. ఆ వానకే ఇసుక నిండా కంప పిలకలు లేచాయి, ఇరవై ఏళ్ల గింజలు.

అప్పటి నుంచి మామ పొద్దున సంగటి తిని వంకలోకి పోయి కూర్చుంటున్నాడు. పిలకలు పీకుతాడు. ఎండెక్కేదాకా ఒకచోటి నుంచి ఇంకోచోటికి కూర్చునే జరుగుతాడు. చేతులు చీరుకుపోయి ఉంటాయి. వద్దని నేను అనలేదు.

ఒకరోజు ఆయనకు మజ్జిగ తీసుకుపోయాను. అవతలి ఒడ్డున సుశీలమ్మ పార పట్టుకుని కొత్త మొక్కలకు పాదులు చేస్తోంది. పని ఆపి ఆయన చేతుల వైపు చూస్తూ నిలబడింది. తర్వాత వంకలోకి దిగి వచ్చింది. ఆయన తల ఎత్తలేదు.

"పైపైన తెంపితే మల్లా మొలుస్తాది," అంది. "వేరుతో తియ్యి."

మామా అని పిలవలేదు. పారను ఆయనకు అందేంత దూరంలో ఇసుకలో దింపి, వెనక్కి తిరిగి తన ఒడ్డుకు వెళ్లిపోయింది.